వీపు మీది తుపాకి

తుపాకి కట్టేటప్పుడు షర్షెన్ మాట్లాడడు.

ముందు తూటాను పేల్చే బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ఊడదీశాడు. ఖాళీ అయిన చోట చిటికెన వేలు పెట్టి తడిమి, లోపల తూటా లేదని చూసుకున్నాడు. బోల్టును కోటు ఎడమ జేబులో వేసి గుండీ పెట్టాడు. ఆ తర్వాతే సంచి పని. దాన్ని మంచు మీద నిలబెట్టి మోకాళ్ళ మధ్య బిగించి, తుపాకి మడమను అడుగున ఉన్న తోలు తొట్టిలో దించి, గొట్టం పైకి ఉండేలా రెండు చోట్ల పట్టీలు లాగి కట్టాడు. గొట్టం మూతికి మంచు దూరకుండా రబ్బరు తొడుగు వేశాడు. ఒకసారి సంచిని ఊపి చూశాడు. తుపాకి కదల్లేదు.

"మళ్ళీ తీశావా?" అన్నాడు తలంత్.

తలంత్ రాజధాని నుంచి వచ్చిన వేటగాడు. ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ అని వేట శిబిరం యజమాని కెరిమ్‌బాయ్ చెప్పాడు. ఆ కుర్చీ పేరేమిటో షర్షెన్ అడగలేదు. కొండమేక ఎక్కడుందో చూపించడం, అక్కడిదాకా తుపాకి మొయ్యడం, కొడితే మాంసం మొయ్యడం. తన పని అంతే.

"వీపు మీద ఉన్నంతసేపు బోల్టు నా జేబులోనే సార్."

"నిన్న అంత పెద్ద మేకపోతు నీ జేబు మూలానే తప్పించుకుంది. నువ్వు గుండీ విప్పి, బోల్టు తీసి, తుడిచి, పెట్టి... ఈలోగా అది సరిహద్దు దాటి చైనా వెళ్ళిపోయింది."

"మేకపోతులు ఎక్కడికీ పోవు సార్. ఇవాళ కనిపిస్తుంది."

"తుపాకి నాది. తూటా నాది. వీపు ఒక్కటే నీది."

"అవును సార్. వీపు నాదే. అందుకే తీస్తాను."

తలంత్‌కి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. గుర్రాలను కింద రాళ్ళ దొడ్డిలో వదిలేసి ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు.

వాగు మలుపులో కల్మత్ ఎదురయ్యాడు. జడలబర్రెలు కాసుకునే మనిషి. గుర్రం మీద ఒక పక్కకి వాలి కూర్చుని, బొచ్చు బయటికి ఉన్న గోధుమరంగు మేకతోలు కోటు వేసుకుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు.

"షర్షెనన్నా, ఎవర్ని మోస్తున్నావు వీపు మీద? పెళ్ళికూతుర్ని ఎత్తుకొస్తున్నావా?"

"పెళ్ళికూతురైతే ఇంత బరువుండదురా."

"మా ఆవిణ్ణి మోసి చూడు తెలుస్తుంది." అతను తలంత్ వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చేశాడు. "సారూ, ఒక్క మాట. మీరు కొట్టుకుని దిగేటప్పుడు ముందుగా ఎదురొచ్చే మనిషిని నేనే. వాటా నాదే. వెనకకాలు."

"మా తాత చెప్పేవాడు ఈ వాటా సంగతి," అన్నాడు తలంత్. "ఇంకా బతికే ఉందా ఇది?"

"మనుషులున్నంతకాలం ఆకలి ఉంటుంది కదా సారూ. ఎదురొచ్చినవాడికి ఇవ్వకపోతే మీ తూటా మళ్ళీ దేనికీ తగలదు. ఇప్పుడే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"వీడి నోరు వాగు కంటే ఎక్కువ పారుతుంది," అన్నాడు షర్షెన్. "బర్రెలు చూసుకో పో."

"ఒక బర్రె కనపడక రెండ్రోజులుగా తిరుగుతున్నా. సరేలే. బోల్టు జేబులోనే ఉందా? ఇంటికి వెళ్తే మా నాన్న మొదట అదే అడుగుతాడు. కొడుకు తిన్నాడా అని అడగడు, షర్షెన్ బోల్టు తీశాడా అంటాడు."

షర్షెన్ ఎడమ జేబు తట్టి చూపించాడు. ఆ పద్ధతి అతనికి నేర్పింది కల్మత్ తండ్రి సాతర్‌కుల్. వీపు వెనక ఏం జరుగుతోందో మనిషికి కనపడదు, కాబట్టి అక్కడ పేలే తుపాకి ఉండకూడదని ఆ ముసలాయన చెప్పేవాడు.

కల్మత్ గింజల పొట్టు ఉమ్మేసి గుర్రాన్ని అదిలించాడు. "చప్పుడు వినపడగానే సంచి పట్టుకుని వచ్చేస్తా!" అని వాగు అవతలి నుంచి అరిచాడు.

మధ్యాహ్నం దాటాక మేకలు కనిపించాయి. ఎదుటి వాలు మీద, రాళ్ళ కింద, ఏడెనిమిది. వాటిలో వంకీలు తిరిగిన కొమ్ములున్న ముసలి పోతు ఒకటి. షర్షెన్ బోర్లా పడుకుని బైనాక్యులర్‌లో చూసి, సంచి దించి, పట్టీలు విప్పి, బోల్టు పెట్టి, తుపాకిని తలంత్ చేతికిచ్చాడు. ఈసారి ఆలస్యం కాలేదు. తలంత్ కాల్చాడు. పోతు కాళ్ళ దగ్గర మంచు ఎగిరింది. మేకలన్నీ ఒక్క ఉదుటున రాళ్ళ వెనక్కి మాయమయ్యాయి.

తలంత్ బూతు తిట్టాడు. ఎవర్ని తిట్టాడో తెలియలేదు. బోల్టు లాగి ఇంకో తూటా ఎక్కించాడు.

షర్షెన్ చెయ్యి చాచాడు. "ఇటివ్వండి సార్. పైనుంచి చుట్టి వెళ్ళాలి."

"నా దగ్గరే ఉండనీ."

"రాళ్ళు జారుతున్నాయి సార్. చేతులు ఖాళీగా ఉండాలి."

"ఉండనీ అన్నాను కదా. నీ జేబుని నమ్ముకుంటే నేను ఊరికి వట్టి చేతులతో పోతాను."

చాచిన చెయ్యి కొంచెంసేపు అలాగే ఉంది. ఇంకో వేటగాడైతే, ఇంకో రోజైతే, షర్షెన్ అక్కడే కూర్చుని తుపాకి ఇచ్చేదాకా కదిలేవాడు కాదు. నిన్నటి మేకపోతు గుర్తొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర తలంత్ ఆ జేబు కథ చెప్పి అందరినీ నవ్వించడం, వంటమనిషి కూడా మూతి తిప్పుకుని నవ్వడం గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పైన గట్టు మీదికి చేరేసరికి పొద్దు వాలింది. లోయలోంచి పొగమంచు పైకి పాకుతోంది. ఎదుటి వాలు మీద, మేకలు మాయమైన రాళ్ళ పక్కన, గోధుమరంగు బొచ్చు ఒకటి కదిలింది.

"అదిగో," అన్నాడు తలంత్.

"ఆగండి." షర్షెన్ బైనాక్యులర్ ఎత్తాడు. అద్దం మీద ఆవిరి పట్టింది. చేతిగుడ్డతో తుడిచాడు. "ఆగండి సార్. నడక మేక నడకలా లేదు."

తుడిచి మళ్ళీ కళ్ళకి పెట్టుకునేలోపే చెవి పక్కన తుపాకి పేలింది.

*

కల్మత్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. గుర్రం కాస్త దూరంలో నిలబడి, ఏమీ ఎరగనట్టు, మంచులోంచి గడ్డి పీకుతోంది. అతని నడుముకి చుట్టిన తాడులో పిండి గోతం ఒకటి మడతపెట్టి దోపి ఉంది. ఉతికిన గోతం. మాంసం కోసం తెచ్చుకున్నాడు.

మొదటి చప్పుడు విని బయల్దేరి ఉంటాడు.

తలంత్ దగ్గరికి రాలేదు. పైన రాళ్ళ మధ్యే కూర్చుండిపోయి, "మేకే కదా? మేకలాగే కదా ఉంది? నువ్వూ చూశావు కదా?" అని అదే మాట అంటున్నాడు. తుపాకి పక్కన రాళ్ళ మీద పడేసి ఉంది.

షర్షెన్ కల్మత్ కళ్ళు మూశాడు. దవడ జారకుండా తన మెడగుడ్డతో కట్టాడు. ఒక్కడే ఎత్తి గుర్రం మీద అడ్డంగా వేసి, తాడుతో, తల ఊగకుండా కట్టాడు. మళ్ళీ పైకెక్కి సంచి, తుపాకి తీసుకున్నాడు. వాగు దగ్గరికి దిగాక ఎందుకో ఎడమ జేబు తడిమితే బోల్టు అందులో ఉంది. ఎప్పుడు ఊడదీశాడో, తుపాకిని సంచికి ఎప్పుడు కట్టాడో అతనికి గుర్తులేదు.

శిబిరంలో కెరిమ్‌బాయ్ ముందు తలంత్‌ని లోపలికి తీసుకెళ్ళి తలుపేసుకున్నాడు. చాలాసేపటికి బయటికొచ్చి, గుర్రాల పాక వెనక్కి షర్షెన్‌ని పిలిచాడు. వరసకి షర్షెన్‌కి బాబాయ్ అవుతాడు.

"కూర్చో."

"పర్లేదు బాబాయ్."

"కూర్చోరా. నీ మంచికే చెప్తున్నా." కెరిమ్‌బాయ్ తన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అతని చేతిలో పేలిందంటే శిబిరం మూతపడుతుంది. నువ్వు, నేను, గుర్రాలవాళ్ళు, వంటమనిషి, అందరం రోడ్డు మీద. నీ వీపు మీద పేలిందంటే అది ప్రమాదం. తుపాకి నీకు తిరిగిచ్చాడు. నువ్వు బోల్టు తియ్యడం మర్చిపోయి కట్టావు. జారి పక్కకి పడ్డావు. గొట్టం ఎదుటి వాలు వైపు తిరిగింది, పేలింది. ఏడాది వేస్తారు. వెయ్యకపోవచ్చు కూడా."

"నేను మర్చిపోను బాబాయ్. లోయ అంతటికీ తెలుసు."

"మనిషన్నాక ఒకరోజు మర్చిపోతాడు."

షర్షెన్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంకోటి కూడా విను. ఒప్పుకోకపోతే, నువ్వే చేత్తో పట్టుకుని కాల్చావంటాడు. అక్కడ ఉన్నది మీరిద్దరే. ఆయన మాట వింటారా, నీ మాట వింటారా?"

"అననీ."

"సరే, అంటాడు. అది అలా ఉంచు." కెరిమ్‌బాయ్ గొంతు తగ్గించాడు. "మొదటి తూటా తర్వాత తుపాకి ఎవరు తీసుకోవాలి? చెప్పు. నువ్వా, నేనా?"

షర్షెన్ చాచి వెనక్కి తీసుకున్న చేతి వైపు చూసుకున్నాడు. అరచేతిలో కల్మత్ నెత్తురు ఎండి, గీతల్లో నల్లగా ఉంది.

"నేనే తీసుకోవాలి," అన్నాడు.

"మరి? బోల్టు ఎక్కడుంది?"

"జేబులో."

"తుపాకికి పెట్టెయ్. పోలీసులు వచ్చేలోపు."

పాక గోడకి సంచి ఆనించి ఉంది. షర్షెన్ దాని ముందు గొంతుక్కూర్చుని, వీపు మీద కట్టినట్టే ఉన్న తుపాకికి మొదటిసారి బోల్టు పెట్టాడు. అది నూనె రాసినట్టు మెత్తగా లోపలికి జారిపోయింది.

*

అతని భార్య బుర్మాకాన్ మర్నాడు చాయ్ పోసి, రొట్టె తుంచి ముందు పెట్టింది. ఊరంతా అప్పటికే తెలిసిపోయింది.

"మర్చిపోయావా?" అంది.

"ఊఁ."

"పొయ్యి మీద పాలు మర్చిపోతావు. నా పుట్టినరోజు మర్చిపోతావు. అది మర్చిపోయావా?"

"వదిలెయ్యవే."

"వదిలేస్తా. వాళ్ళింటికి వెళ్ళి కల్మత్ పిల్లల ముందు నేను ఎక్కడ కూర్చోవాలో చెప్పు, వదిలేస్తా."

కల్మత్ ఇంటి పక్కన ఉన్నిగుడారం లేపారు. శవం అందులో ఉంది. పోలీసు డాక్టరు చూసి వెళ్ళాడు. లోపల ఆడవాళ్ళు గుడారం గోడ వైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతున్నారు. బయట ఇంటి మగవాళ్ళు నడుముకి బట్ట కట్టుకుని, కర్రల మీద వాలి, వరసగా నిలబడ్డారు. వచ్చినవాళ్ళు దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ వచ్చి, ఆ వరసలో ఒక్కొక్కర్నీ కౌగిలించుకుంటున్నారు. రక్తసంబంధం ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు కర్ర అందిస్తున్నారు. వాళ్ళూ వరసలో నిలబడుతున్నారు.

షర్షెన్ కెరిమ్‌బాయ్ వెనక నడుస్తున్నాడు. కెరిమ్‌బాయ్ చేతిలో గోధుమవన్నె ఆడగుర్రం పగ్గం. క్షమించమని అడగడానికి తెచ్చిన గుర్రం.

"నా తమ్ముడా! అయ్యో నా తమ్ముడా!" షర్షెన్ గొంతు ఎత్తాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. కానీ అతను దగ్గరికి వచ్చేసరికి వరసలో ఏడుపులు ఆగిపోయాయి. ఎవరూ చేతులు చాచలేదు. కల్మత్ బావమరిది అతని కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. ఆడగుర్రం పగ్గం అందుకోవడానికి కూడా ఎవరూ కదల్లేదు.

వరస చివర సాతర్‌కుల్ నిలబడి ఉన్నాడు. ముసలాయన గడ్డం కర్ర మీద ఆనింది.

"ఎలా కట్టావు?" అన్నాడు.

"ఎప్పటిలాగే, పెద్దయ్యా."

"ఎప్పటిలాగే?"

"బోల్టు... నిన్న మర్చిపోయాను."

సాతర్‌కుల్ అతని ముఖం చూడలేదు. అతని చేతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మర్చిపోయావు," అన్నాడు. అడిగినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. "రేపు పోలీసులు నిన్ను కొండ మీదికి తీసుకెళ్ళి ఎలా జరిగిందో చేసి చూపించమంటారట. నేనూ వస్తాను."

"ఎందుకు పెద్దయ్యా, ఈ చలిలో," అన్నాడు కెరిమ్‌బాయ్.

"నా కొడుకు ఎక్కడ పడ్డాడో నేను చూడొద్దా?"

కెరిమ్‌బాయ్ పగ్గం సర్దుకుని, గుర్రాన్ని వెనక్కి తిప్పాడు.

*

మర్నాడు మబ్బు లేదు. మంచు కళ్ళలో గుచ్చుకుంటోంది. కేసు చూస్తున్న కెప్టెన్ నూర్‌దీన్ పట్నం బూట్లతో రెండుసార్లు జారాడు. కెమెరా పట్టుకున్న పోలీసు, కెరిమ్‌బాయ్, తలంత్ అతని వెనక ఎక్కారు. సాతర్‌కుల్ గుర్రం దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కలేడు.

"తలంత్ గారూ, మీరు మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నాడు కెప్టెన్. "కెమెరా పెట్టారు."

"చెప్పాను కదా. తుపాకి ఇతనికి ఇచ్చేశాను. ఇతను సంచికి కట్టుకున్నాడు. నా ముందు నడుస్తున్నాడు. జారాడు, పేలింది. నా కళ్ళతో చూశాను."

"మంచిది. షర్షెన్, ముందు ఎలా కట్టావో చూపించు. తర్వాత ఎక్కడ పడ్డావో అక్కడ పడు."

పోలీసు తుపాకి తెచ్చి ఇచ్చాడు. సంచి అతనిదే. షర్షెన్ చేతి తొడుగులు విప్పి బెల్టులో దోపుకున్నాడు. కిందకి చూస్తే ఎదుటి వాలు మీద ఆ రాళ్ళు కనిపించాయి. అక్కడ మంచు కొత్తగా పడి అంతా తెల్లగా ఉంది. గోధుమరంగు కోటు, గింజల పొట్టు ఉమ్మే నోరు, ఉతికిన గోతం. అతని కళ్ళు అక్కడే ఉన్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సంచిని మోకాళ్ళ మధ్య బిగించాయి, మడమను తొట్టిలో దించాయి, పట్టీలు లాగాయి, తొడుగు వేశాయి, ఊపి చూశాయి.

సంచి వీపుకెత్తుకున్నాడు. గట్టు మీద పది అడుగులు నడిచి, కెరిమ్‌బాయ్ చెప్పిన రాయి దగ్గర పక్కకి ఒరిగి పడ్డాడు. గొట్టం ఎదుటి వాలు వైపు తిరిగింది. అంతా చెప్పినట్టే ఉంది.

"అలాగే ఉండు. కదలకు." కెప్టెన్ వెనక నుంచి వచ్చి వంగాడు. కెమెరా పోలీసు కూడా వంగాడు. మంచులో చెంప ఆనించి పడుకున్న షర్షెన్‌కి వాళ్ళ బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బోల్టు ఏదీ?" అన్నాడు కెప్టెన్.

షర్షెన్‌కి మాట అర్థం కాలేదు. కానీ కుడిచెయ్యి తనంత తానే ఎడమ జేబు మీదికి వెళ్ళింది. జేబు బరువుగా ఉంది. గుండీ పెట్టి ఉంది.

ముందు కదిలింది కెరిమ్‌బాయ్. "అలవాటు సార్. పాత అలవాటులో తీసేశాడు. ఆ రోజు మాత్రం మర్చిపోయాడు, చెప్పాడు కదా. మళ్ళీ కట్టమనండి."

కెప్టెన్ లేచి నిలబడి, బూట్ల మంచు దులుపుకున్నాడు. తలంత్ వైపు ఒకసారి, గుర్రం మీది ముసలాయన వైపు ఒకసారి చూశాడు. అతనికి ఈ కేసు ఈ వారంలో అయిపోవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు.

"సరే. లే. మళ్ళీ కట్టు," అన్నాడు. "ఈసారి బోల్టు తియ్యకుండా."

షర్షెన్ లేచాడు. సంచి దించి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. జేబు గుండీ విప్పి బోల్టు తీసి తుపాకికి పెట్టాడు. మడమను తొట్టిలో దించాడు. కింది పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి లాగలేదు. పట్టీ మళ్ళీ పట్టుకున్నాడు.

ముసలాయన గుర్రం ముక్కు చీదింది.

షర్షెన్ పట్టీ వదిలేశాడు. బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ఊడదీశాడు. అందరూ చూస్తుండగా చిటికెన వేలితో లోపల తడిమి, బోల్టును అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు ఇంకోలా కట్టడం రాదు సార్."

"ఏంటి దానర్థం?"

"ఆ రోజు కూడా నా చేతికిచ్చుంటే ఇలాగే కట్టేవాణ్ణి. ఆయన తుపాకి ఇవ్వలేదు. అడిగాను, ఇవ్వలేదు. నేను గట్టిగా అడగలేదు. అది నా తప్పు. మిగతాది నాది కాదు."

"అబద్ధం!" తలంత్ ముందుకొచ్చాడు. ముఖం ఎర్రబడింది. "అయితే వీడే కాల్చాడు! చేత్తో పట్టుకుని వీడే కాల్చాడు, రాసుకోండి!"

కెప్టెన్ నెమ్మదిగా అతని వైపు తిరిగాడు.

"ఇప్పుడే వీపు మీద ఉండగా పేలిందన్నారు. మీ కళ్ళతో చూశానన్నారు. కెమెరాలో ఉంది సార్."

తలంత్ నోరు తెరిచి, కెరిమ్‌బాయ్ వైపు చూశాడు. కెరిమ్‌బాయ్ టోపీ తీసి అంచు దులుపుకుంటున్నాడు. దాని మీద మంచేమీ లేదు.

"పెద్దాయనా," అన్నాడు కెప్టెన్. "ఇతను ఎప్పుడూ ఇలాగే కడతాడా?"

"నేనే నేర్పాను," అన్నాడు సాతర్‌కుల్.

కెప్టెన్ చెయ్యి చాచి బోల్టు తీసుకున్నాడు. కెమెరా ఆపెయ్యమని పోలీసుకి సైగ చేశాడు. "షర్షెన్, రేపు పొద్దున ఆఫీసుకి రా. పారిపోవద్దు. ఏది ఎలా రాయాలో రేపు చూద్దాం." తలంత్‌తో ఇంకాస్త మర్యాదగా అదే మాట చెప్పాడు. రేపు ఆ ఆఫీసులో ఎవరి తరఫు ఫోను ముందు మోగుతుందో అక్కడున్న ఎవరూ చెప్పలేరు.

దిగేటప్పుడు తుపాకిని పోలీసు మోశాడు. షర్షెన్ ఖాళీ సంచితో సాతర్‌కుల్ గుర్రం పక్కన నడిచాడు. వాగు మలుపులో ముసలాయన పగ్గం లాగి గుర్రాన్ని ఆపాడు.

"బాధపడ్డాడా?" అన్నాడు.

"లేదు పెద్దయ్యా. నేను వెళ్ళేసరికే అయిపోయింది."

"గోతం ఎందుకు తెచ్చుకున్నాడు?"

"వాటా కోసం. మొదటి చప్పుడు విన్నాడు."

సాతర్‌కుల్ తల ఊపాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి కారాయి. తుడుచుకోలేదు.

ఉన్నిగుడారం ముందు మగవాళ్ళు ఇంకా కర్రల మీద వాలి నిలబడే ఉన్నారు. గుర్రం పక్కన షర్షెన్‌ని చూసి కల్మత్ బావమరిది వరసలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. ఇద్దరు అతని భుజాలు పట్టుకున్నారు. సాతర్‌కుల్‌ని గుర్రం మీంచి దించారు. ముసలాయన నిలదొక్కుకుని, ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇతనికి కర్ర ఇవ్వండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. సాతర్‌కుల్ ఇంకోసారి చెప్పలేదు. తన చేతిలో ఉన్న కర్రనే షర్షెన్ చేతికిచ్చి, అతని భుజం పట్టుకుని, వరసలో తన పక్కన నిలబడ్డాడు.